మేనేజర్ గదిలసొంటి పరదాలు

నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ చిన్నకొడుకు పటాన్‌చెరు ఫ్యాక్టరీల మేనేజర్ గది చూసొచ్చి, మన ఇంటి కిటికీలకు గూడ గసొంటి చెక్క పట్టీల పరదాలే గావాలన్నడు. నన్ను గూడ దుకాణానికి తోలుకపోయిండు.

నువ్వు చెక్కను గోరుతో గీకి, వాసన చూసి, అప్పుడు బేరమాడేటోనివి. చెక్కపని చేసే వడ్లోళ్ల ఇంట్ల పుట్టిన వీడేమో, "మా మేనేజర్ గదిలవి ఏ రంగో గదే ఇయ్యి" అన్నడు. నేను గీకి చూసిన. పైన టేకు రంగు, లోపలంత తెల్లటి బూరుగు చెక్క. చెప్తే, "నీకు ఫ్యాషన్ తెల్వదక్కా" అన్నడు.

పరదాలకు అడ్డమొస్తయని నువ్వు చేసిన టేకు కిటికీ తలుపులు ఊడపీకిండు. మొన్న వాన కొడితే పట్టీలన్నీ ఉబ్బి వంకర తిరిగినయి. మేనేజర్ కిటికీలకు బయట అద్దాలుంటయని అప్పుడు యాదికొచ్చింది దొరకు. "పాత తలుపులు యాడున్నయక్కా" అని నిన్న మెల్లగ అడిగిండు.

అండ్ల ఒక తలుపు నా ఒళ్లనే ఉన్నది నాయినా. దాని మీద కాయితం పెట్టి గిది రాస్తున్న. అంచున నువ్వు కొలతకు పెట్టిన పెన్సిల్ గీత ఇంక పోలే.