అంటార్కిటికాలో కార్తీక సోమవారం

సత్వా, దుబాయ్
ఆదివారం

చిరంజీవి తమ్ముడు దయాకర్‌ను అక్క మంజుల దీవించి రాయునది.

నేవీ ఓడలో వంటపని అన్నావు, సంతోషించాను. కానీ నీళ్ళ మీద దిగే విమానాన్ని వెంటబెట్టుకొని అంటార్కిటికా పోతున్నారని, జెబెల్ అలీ రేవు వదిలిన నెలకు, మంచు కనబడ్డాక ఈమెయిల్‌లో చెబుతావా? నువ్వు క్షేమంగా తిరిగి రావాలని శివయ్యకు మొక్కాను. రేపు కార్తీక సోమవారం. ఇద్దరం ఉపవాసం. నక్షత్రం చూశాకే అన్నం. తప్పితే మొక్కు చెడుతుంది.

నీ మేలు కోరే అక్క

తా.క. పాలు, పండ్లు తినొచ్చు. కోడి పండు కాదు.

*

ఓడ నుంచి, మంగళవారం

అక్కకు దండాలు.

నిన్న దినమంత ఉపాసమున్న. రాత్రి పదింటికి డెక్కు మీదికి పోయిన. నక్షత్రం లేదు, ఎండ ఉంది. పన్నెండింటికి పోయిన, ఎండనే. ఇయ్యాల మంగళవారం వచ్చింది గని సోమవారం పొద్దు ఇంక గుంకలే. ఏం జెయ్యాలె?

నీ తమ్ముడు దయాకర్

తా.క. అరటిపండ్లు ఖలాస్.

*

సత్వా, బుధవారం

తమ్ముడికి దీవెనలు.

ఎండ కాసేది దుబాయ్‌లో, మంచు ఉండేది అక్కడ. రెండూ ఒక్కచోట ఎట్లా ఉంటాయి? అదీ అర్ధరాత్రి! నాతో అబద్ధమాడితే ఆడు, శివయ్యతో వద్దు. నువ్వసలు ఓడెక్కావా?

అక్క

తా.క. నాకు ఎప్పటిలాగే ఏడూ పదికి కనబడింది. ఎర్రగా, చక్కగా.

*

ఓడ నుంచి, గురువారం

అక్కా, ఒట్టు.

ఇక్కడ ఫిబ్రవరి దాకా చీకటి పడదంట. ఉప్పు చూడకుండ వండుతున్న, నిన్న పప్పు సముద్రమైంది. నేను తింటలేనని తెల్సి కెప్టెన్ సమ్మె అనుకున్నడు. "నీ డిమాండ్ ఏంది?" అన్నడు. "చీకటి" అన్న. నా గదికి నల్ల పరదా కట్టించిండు. చీకటైతే వచ్చింది గని నక్షత్రం రాలే. కండ్లు తిరుగుతున్నయ్ అక్కా. తింటే నీ మొక్కు పోతది, తినకుంటే నా పానం పోతది.

దయాకర్

తా.క. ఎంత పైకి ఎగిరినా నక్షత్రం కనబడదని పైలట్ అన్నడు. అడిగి చూసిన.

*

సత్వా, శుక్రవారం

తమ్ముడిని దీవించి, చెంపలు వేసుకొని రాయునది.

నీ తరఫున నేనే దండం పెడదామని సాయంత్రం మిద్దె ఎక్కాను. పక్క ఫ్లాటు సర్వర్ బేగంకు నా నక్షత్రాన్ని చూపించాను. "అరే మంజులా, అది కదులుతోంది చూడు. విమానం!" అంది. ఈ దీపాల వెలుగులో, దుమ్ములో ఇక్కడ నక్షత్రాలు కనబడడమే అరుదట. పంతొమ్మిదేళ్ళుగా నేను విమానానికి దండం పెట్టి అన్నం తింటున్నాను. శివయ్య ఒక్కసారి కూడా కోప్పడలేదు.

మీ ఓడలో విమానం ఉంది కదా. రెక్క చివర ఎర్రదీపం వెలిగించమను. దండం పెట్టుకో. కడుపునిండా తిను.

నీ పిచ్చి అక్క మంజుల

తా.క. రెండేళ్ళ కింద, వాన పడ్డ సోమవారం నా నక్షత్రం మూడు గంటలు ఆలస్యమైంది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.