ఎదురొచ్చిన వారందరికీ వంగే ట్యాంకు

నగోయా,
సెప్టెంబరు

తాతయ్యకు చిహారు నమస్కారాలు.

ఎండ తగ్గి, మీ కొండమీద పొద్దుటి మంచు మొదలై ఉంటుంది. మీ బొమ్మ ట్యాంకును పార్సిల్లో పంపాను. కన్నులా ఒక కెమెరా, మెదడులా ఒక చిన్న పెట్టె అమర్చాను. మెదడుకు ఆకలెక్కువ, అందుకే బాగా పెద్ద బ్యాటరీ పెట్టాను.

చేతులు వణుకుతున్నాయని, ఈసారి బొమ్మ ట్యాంకుల క్లబ్బు పోటీలో ఓడితే మీ చోటు వేరేవాళ్ళకిచ్చి ట్యాంకును అటకెక్కిస్తానని నాన్నతో అన్నారట. తొందరపడకండి. నెల రోజులు తేయాకు తోటలో రిమోటుతో నడపండి. అది చూసి నేర్చుకుంటుంది. వణుకు వదిలేసి మీ నడక పట్టుకుంటుంది. ఆ తర్వాత తనే నడుస్తుంది, తనే కాలుస్తుంది.

మీ మనవరాలు,
చిహారు

తా.క.: మనింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేను. నా చదువుతో బాగుపడుతున్న మొదటి వస్తువు మీ ట్యాంకు. నాన్నకు చెప్పకండి, ఫ్రిజ్ బాగుచేయమంటారు.

*

షిజువోకా కొండ,
అక్టోబరు

చిరంజీవి చిహారుకు తాత ఆశీస్సులు.

కమలాపళ్ళు పసుపెక్కుతున్నాయి. మంచులో తేయాకు వరసల మధ్య ట్యాంకు తనంతట తాను పోతుంటే, అది నిద్రలో నడుస్తున్నట్టూ నేను దాని కలలో నిలబడ్డట్టూ ఉంటోంది.

కానీ నిన్న పక్క ఊరి కట్సుమాతాతో సరదా పోటీ పెట్టుకున్నాం. అతని ట్యాంకు ఎదురుకాగానే మనది ఆగిపోయింది. ఫిరంగి గొట్టం నేలకు దించి అలాగే నిలబడింది. కట్సుమాతా తీరిగ్గా గురిచూసి, తగిలితే ఓడినట్టే లెక్కయ్యే కాంతి కిరణం వదిలాడు. "మీ ట్యాంకు సన్యాసం పుచ్చుకుందా, సుగియామా గారూ?" అన్నాడు.

దానికి యుద్ధమంటే విరక్తి పుట్టిందని నా అనుమానం. కొత్త కార్లకు చేయించినట్టు గుళ్ళో పూజ చేయిద్దామనుకుంటున్నాను. దాని కెమెరా తీసిన రికార్డింగులు ఇందులో పెట్టాను, చూడు.

మీ తాత

తా.క.: పూజ అయింది. పూజారికి కూడా వంగింది.

*

నగోయా,
అక్టోబరు చివర

తాతయ్యకు నమస్కారాలు.

ఇక్కడ చెట్లు ఎర్రబడ్డాయి. రికార్డింగులన్నీ చూశాను. విరక్తి కాదు. తోటలో మీకు శత్రువెవరూ లేరు. ఎదురొచ్చింది టీ బుట్టతో నానమ్మ ఒక్కతే. ఆవిడ కనబడితే చాలు, మీరు ట్యాంకునాపి, గొట్టం దించి, ఆవిడ దాటేదాకా కదల్లేదు. అందుకే దాని లెక్కలో ఎదురొచ్చేవాళ్ళంతా నానమ్మే.

మందు సులువు. నానమ్మను పూర్తిగా తీసేస్తాను.

మీ చిహారు

తా.క.: ఒకచోట ట్యాంకు వెనక్కి పారిపోయింది. ఆరోజు ఏమైంది?

*

షిజువోకా కొండ,
నవంబరు

చిహారుకు ఆశీస్సులు.

చలి మొదలైంది, బయటా ఇంట్లో కూడా. నీ ఉత్తరం పైకి చదివాను, అదే పొరపాటు. "ఇన్నేళ్ళు తేయాకు కోసి చదివిస్తే, నన్నే తీసేస్తుందట" అంది మీ నానమ్మ. అప్పట్నుంచి నా అన్నంలో ఊరగాయ లేదు.

కెమెరా సంగతని ఎంత చెప్పినా వినలేదు. చెబుతూ చెబుతూ నాకే అనిపించింది. ఆవిణ్ణి తీసేస్తే ఆ ట్యాంకులో నా నడక ఏం మిగులుతుంది? ఉన్నదాన్ని ఉన్నట్టే తీసుకెళ్తాను. ఓడితే అటక ఉండనే ఉంది.

మీ తాత

తా.క.: పారిపోయిన రోజు నా చేతిలో ఉన్నది టీ బుట్ట కాదు. ఈయన ఉతక్కుండా మంచం కింద దాచిన సాక్సులు. — నానమ్మ

*

పోటీ మైదానం నుంచి,
నవంబరు, సాయంత్రం

చిహారుకు ఆశీస్సులు.

పల్చటి మంచు దిగుతోంది. గడ్డిమీద కూర్చునే రాస్తున్నాను.

నా చోటు తేల్చే పోటీ మోచిజుకితో. రిటైరైన బడిపంతులు, నాకన్నా చిన్నవాడు. మనది ఎప్పట్లాగే ఆగి వంగింది. వంగినవాణ్ణి కాల్చడానికి ఆయనకు మనసొప్పలేదు. తన ట్యాంకునూ వంచాడు. పెద్దవాళ్ళు తలెత్తకముందు తానెలా ఎత్తుతాడు? ఎదుటిది తొలగందే మనదెలా ఎత్తుతుంది? మంచులో రెండూ అలాగే ఉండిపోయాయి. జనం గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు, ఎవరో అందరికీ టీ పోశారు. చివరికి ఆయన బ్యాటరీ అయిపోయింది. రిఫరీ ఆ ట్యాంకునెత్తి పక్కన పెట్టగానే మనది మెల్లగా తలెత్తి, వెళ్ళి మైదానం చివరి గెలుపు జెండాను తాకింది.

గెలిచాం. నా చోటు నాకే ఉంది.

అది అక్కడితో ఆగలేదు. జనంలోకి వెళ్ళి, పోటీ చూడ్డానికొచ్చిన మీ నానమ్మ ముందు నిలబడి గొట్టం దించింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ కూడా నడుం వంచి నమస్కరించింది.

మీ తాత

తా.క.: ఆవిడ తప్పుకుంటేగాని అది లేవదు. అది లేస్తేగాని తాను లేవనంటోంది ఆవిడ. పొద్దు వాలుతోంది. నీ పెద్ద బ్యాటరీ ఎంతసేపు వస్తుందో వెంటనే రాయి.