రేడియేటర్ పైపుకి కట్టు

మామయ్యగారికి నమస్కారాలు. మీ పాత పొడుగు బండి ఎత్తు రోడ్డు మీద ఆవిర్లు కక్కి ఆగింది గానీ మాకెవరికీ ఏమీ కాలేదు, కంగారుపడకండి.

మెకానిక్ బానెట్ ఎత్తి లోపలికి వంగి చూశాడు. పోయిన నెల నేను వేయించిన కొత్త కింది పైపే క్లిప్పు దగ్గర కారుతోంది. పై పైపు చీలిక మీద మీరు సైకిల్ ట్యూబుతో చుట్టిన కట్టు మాత్రం చుక్క కూడా వదల్లేదు. దాన్ని వేళ్ళతో తడిమి, "ఇది కట్టినాయన ఆసుపత్రిలో కాంపౌండరా అమ్మా?" అన్నాడు. ముప్పై ఏళ్ళ మీ ఉద్యోగాన్ని పైపు మీద చదివేశాడు! బండికి మోకాలు బెణికిందా అని ఆ కట్టుని పన్నెండేళ్ళుగా వెక్కిరిస్తున్నది నేనే కదా.

ఆ పైపూ మార్చేయమంటే, "నా చేత్తో విప్పనమ్మా. పెద్దాయన్ని అడిగి రండి," అని కింది క్లిప్పు బిగించి పంపేశాడు. విప్పించమంటారా? వెంటనే రాయండి. వెనక తలుపుది రెండో తాళంచెవి మీ దగ్గరుంటే పంపండి, నా దగ్గరున్నది తిరగనని మొరాయిస్తోంది. పిల్లలు తాతయ్యని అడుగుతున్నారు.

అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందా? మీ చేతే కట్టించుకోమనండి. ఇంకో పన్నెండేళ్ళు చూసుకోనక్కర్లేదు.

మీ కోడలు