రిలీవరు రాని పెట్టె

గుఢియారీ, రాయపూర్,
23 మే 1955.

శ్రీయుత సివిల్ సర్జన్ దొరవారి సముఖమునకు,

సేఠ్ మూల్‌చంద్ సైన్సు కాలేజీ లేబరేటరీ అటెండరు పొట్నూరు సూరిబాబు పంపుకొనుచున్న అర్జీ.

అయ్యా,

విషయం: కాలేజీ వారి రేడియం చెత్తపెట్టె ఒకటి నా ఛార్జిలో, నా ఇంటిలో ఉండిపోయినందున, దానిని సర్కారు వారు స్వీకరించి, నా భార్యకు నెలలు నిండకముందే నన్ను రిలీవు చేయించుట గురించి.

తాము మా విజయనగరం వైపు వారని, తెలుగు కాగితము చదువగలరని స్టేషనులో మనవాళ్లు చెప్పగా తెలిసినది. ఇదివరకు కచేరీ ముందు కూర్చుండే మున్షీ చేత ఇంగ్లీషులో రెండు, హిందీలో మూడు అర్జీలు వ్రాయించితిని. నేను చెప్పినది ఒకటి, అతడు వ్రాసినది వేరొకటి. మొదటి దానిలో నన్ను నాగపూరు బదిలీ చేయవలెనని వ్రాసినాడట. నాకు బదిలీ ఎందుకండీ? అందుచేత ఈసారి నా మాటలలోనే మనవి చేసుకొనుచున్నాను. తప్పులున్న మన్నించవలెను.

1. మా తండ్రి రామయ్య బి.ఎన్.ఆర్. రైల్వేలో ఇరవై ఆరేళ్లు సిగ్నలు కేబిన్‌మాన్‌గా చేసినారు. తరువాతి డ్యూటీవాడు, అనగా రిలీవరు, వచ్చి పుస్తకములో సంతకము పెట్టేవరకు కేబిన్ దిగరాదు. ఈ ఒక్క నియమమే ఆయన మతము. ఒకసారి రిలీవరు రాక, ఒళ్లు కాలిపోయే జ్వరముతో ముప్పై గంటలు లీవరు పట్టుకొని నిలబడినారు. నేను ఆ ఇంట్లో పెరిగినవాడను. గొప్పకు చెప్పుట లేదు. పెట్టెను ఏ కాలువలోనో ఎందుకు పారవేయలేదని తమ ఆఫీసులో అడుగుతారు కనుక ముందే చెప్పుచున్నాను.

2. మా కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు గారొకరు, బెంగాలీ వారు, నాలుగేళ్లు రేడియం మీద పరిశోధన చేసినారు. ఆ పనిలో పగిలిన గాజు గొట్టములు, వడపోత కాగితములు, దూది, చేతి తొడుగులు, ముడి ఖనిజము కరిగించగా మిగిలిన పసుపుపచ్చని మడ్డి అంతయు సీసపు రేకు తొడిగిన పెట్టె ఒకదానిలో వేయించేవారు. ఈ చెత్తలోని విషము పదహారు వందల ఏళ్లకు సగమే తగ్గుతుందని నాకు చెప్పినారు. నాకు సర్వీసు ఇంక పంతొమ్మిదేళ్లే ఉన్నది.

3. 1953 జూలైలో ప్రొఫెసరు గారు కలకత్తా వెళ్లిపోయినారు. వారి చోట ఎవరినీ వేయలేదు. ఛార్జి లిస్టు మీద తీసుకొనువాని సంతకము లేనిదే కదలనివ్వనని హెడ్ క్లర్కు దుబే గారు భీష్మించుకు కూర్చున్నారు. అవతల ప్రొఫెసరు గారి బండికి వేళ అయిపోతున్నది. చివరకు బీకర్లు నలభై, బర్నర్లు పదకొండు, బంగారు రేకుల ఎలక్ట్రోస్కోపు ఒకటి, వ్యర్థపు పెట్టె ఒకటి, అన్నియు మంచి స్థితిలో ముట్టినవి అని నా చేత సంతకము చేయించినారు. చేసినాను. నాటి నుండి నేను ఏ గుమ్మము ఎక్కినా తిరిగి నా మొహాన చూపించేది ఆ సంతకమే. కలకత్తాకు వ్రాసిన జాబులకు జవాబు లేదు.

4. ఆ అక్టోబరులో లేబరేటరీ గది పడగొట్టి పరీక్షల హాలు కట్టుట మొదలుపెట్టినారు. కూలీలు పెట్టెను మోయలేక వరండాలో ధబీమని పడవేసినారు. విద్యార్థులు దాని మీద కూర్చుని టీ తాగేవారు. పాతసామాను కొనేవాళ్లు ఇద్దరు వచ్చి సీసము ఎంత బరువు తూగునో తట్టి చూసి పోయినారు. సీసము ఒలుచుకొని లోపలిది మురిక్కాలువలో కుమ్మరిస్తారని నాకు తెలియదా? కనుక ఠేలా బండి మీద నా ఇంటికి తెచ్చి మంచము కింద పెట్టుకొంటిని. మూత బిగించి ఉన్నంతకాలము దాని మీద కూర్చుని అన్నము తినవచ్చునని ప్రొఫెసరు గారు చెప్పియున్నారు. నేను నమ్మితిని. నా బుద్ధి గడ్డి తిన్నది.

5. నా భార్య గంగాభవాని ఆ మంచము మీద నాలుగు నెలలు పడుకొన్నది. కాలేజీ సొత్తు, జాగ్రత్త అని నేను చెప్పినందుకు ప్రతిరోజూ మంచము కిందకు దూరి ఆ పెట్టెను తడిగుడ్డతో తుడిచేది. ఫిబ్రవరిలో, ఐదో నెలలో, ఆమెకు కడుపు పోయినది. మాకది తొలిచూలు.

6. మార్చిలో కాలేజీలో సైన్సు ప్రదర్శన పెడతామన్నారు. ఎలక్ట్రోస్కోపు ఇత్తడికి చిలుము పట్టినదని ఇంటికి తెచ్చి చింతపండుతో తోమినాను. అది గాజుసీసా వంటిది. లోపల రెండు సన్నని బంగారు రేకులు వేలాడుతుంటవి. నల్లకడ్డీని ఉన్నిగుడ్డతో రుద్ది పైన తాకిస్తే రేకులు రెండూ విడివడి అలాగే నిలబడతవి. రేడియం దగ్గర ఉంటే నిలబడలేక వాలిపోతవి. ఇది ప్రొఫెసరు గారి ఎదుట నేను కొన్ని వందలసార్లు చేసిన పని. ఆ పూట ఇంట్లో కడ్డీ తాకించాను. రేకులు విడినవి, వెంటనే వాలినవి. మళ్లీ రుద్దాను. మళ్లీ వాలినవి. నా చేతిలో ఒడుపు పోయిందేమో అనుకొన్నాను. బయటకు పోయి రైలు పట్టాల పక్కన చేసి చూస్తే, పెద్ద గూడ్సు బండి ఒకటి మొత్తం దాటిపోయేదాకా నిలబడ్డవి. లోపలికి తెచ్చి మంచము దగ్గర పెట్టేసరికి, అయ్యా, ఒక్క ఊపిరి తీసేలోగా రెండూ అతుక్కుపోయినవి. పెట్టెను బయటకు లాగి పక్కకు ఒరిగిస్తే అడుగున సీసము చిట్లి ఉన్నది. చిట్లిన పొడుగునా పసుపు మడ్డి.

నేను అక్కడే నేల మీద చతికిలపడి ఏడ్చినాను. అర్జీలో ఏడుపులు వ్రాయరాదని మున్షీ చెప్పియున్నాడు. జరిగినది జరిగినట్లు వ్రాయవలెనంటే మరి ఇదీ జరిగినది.

నా భార్యకు అలా అగుట ఆ పెట్టె వల్లనా, కాదా? ఔనంటే ఔనని, కాదంటే కాదని తమరు వ్రాసి ఇవ్వవలెను. తెలియదంటే అదైనా వ్రాయండి. ఇదివరకు అడిగినచోట ఆడవాళ్లకు అలా అవుతూ ఉంటుందిలే అన్నారు. రేకులకు కూడా ఊరికే అలా అవుతూ ఉంటుందా అండీ?

7. నాటి నుండి పెట్టెను ఇంటిలో పట్టాల వైపు మూలకు, అవతల గోడకు మనుషులెవరూ లేనిచోటికి జరిపి, చుట్టూ ఇటుకలు పేర్చి, తలుపుకు తాళము వేసి, మేము అరుగు మీదకు వచ్చినాము. అరుగు వీధి వైపు కొసన రేకులు బాగా నిలబడుచున్నవి కనుక అక్కడే వంట, అక్కడే పడక. పోయిన వానాకాలము గోనెపట్టాలు కట్టుకొని గడిపినాము. పక్కింటి దాలమ్మ, గ్యాంగ్‌మాన్ భార్య, మాకు పెద్దదిక్కు, ఒకనాడు ఉండబట్టలేక అడిగేసినది. "ఇల్లు దానికిచ్చేసి నువ్వు అరుగు మీద తొంగుంటావేట్రా సూరీ, అదేటి నీ అత్తగారేట్రా?" నేనేమి చెప్పేది? వీధిలో కొందరు లోపల లంకెబిందెలున్నవని, కొందరు శవమున్నదని చెప్పుకొనుచున్నారు. లంకెబిందెల వారి వలన తాళము రెండుసార్లు విరిగినది.

8. నేను తిరగని గుమ్మము లేదు. ప్రిన్సిపాలు గారికి పగులు సంగతి మనవి చేస్తే లిస్టు తెప్పించి చదివి, "మంచి స్థితిలో తీసుకొన్నానని నువ్వే సంతకం పెట్టావు. మరి ఎవరి చేతిలో పగిలినట్టు?" అని అడిగినారు. మళ్లీ అక్కడ పగులు ఊసెత్తితే ఉద్యోగము ఊడును. యూనివర్సిటీ వారు అట్టి వస్తువును వాపసు తీసుకొనుటకు తమ ఫారములో గడి లేదని వ్రాసినారు. పారిశుధ్యపు ఓవర్సీరు ఒకాయన మోవా ఊరి అవతల పాడుబడ్డ బావి ఉన్నది, రాళ్లు కట్టి అందులో పడవేయుమన్నాడు. సెలవు పెట్టి మోవా వెళ్లి చూసినాను. బావి పాడుబడలేదు. ఇద్దరు ఆడవాళ్లు నీళ్లు తోడుతున్నారు, ఒకామె నాకూ దోసిట్లో పోసింది. తాగి వచ్చేసినాను.

ఆఖరికి ఠాణాకు పోయి పెట్టెను నేనే దొంగిలించినానని ఒప్పుకొన్నాను. దొంగసొత్తు అయితే సర్కారు వారు జప్తు చేసి తీరవలెను కదా అని నా ఆలోచన. ఠాణాలో వ్రాతపని చూచే మున్షీజీ కాలేజీకి మనిషిని పంపి కనుక్కొన్నాడు. మా వస్తువేదీ పోలేదు, లిస్టు ప్రకారము అటెండరు వద్ద భద్రముగా ఉన్నది అని జవాబు వచ్చినది. నన్ను మందలించి పంపివేసినారు. ఒకవిధముగా మంచిదే అయినది. జప్తు వస్తువుల గది ముందు రోజల్లా కూర్చుండే జవానుకు ఇద్దరు చంటిపిల్లలు.

9. ఇప్పుడు నా భార్యకు మళ్లీ ఐదో నెల. రోజులు లెక్కపెట్టుకొని బతుకుచున్నాము.

10. ఇంకొక చిక్కు. వానలు పడితే గాలిలో తేమకు రేకులు ఎక్కడైనా వాలిపోతవి. రేడియం ఉన్నా వాలిపోతవి, లేకపోయినా వాలిపోతవి. పోయిన ఏడు జూలైలో దుబే గారిని బతిమాలి అరుగు వరకు తీసుకొని వస్తే, అక్కడ వాలినవి, వీధిలోనూ వాలినవి. ఆయన ఫకాలున నవ్వి వెళ్లిపోయినారు. కనుక తమరు విచారణకు వచ్చుట జూన్ పది లోపల కావలెను. తరువాత నా దగ్గర సాక్ష్యము ఉండదు.

కాబట్టి తాము దయయుంచి స్వయముగా వచ్చి చూచి, పెట్టెను మనుషులూ పశువులూ మసలని చోట, నీటికి దూరముగా, సిమెంటు కట్టించి భూస్థాపితము చేయించుటకు సిఫారసు చేయవలెను. అంతవరకు ఎవరైనా ఒక అధికారి దానిని నా ఛార్జి నుండి తీసుకొని ఒక్క సంతకము పెట్టవలెను. పగిలినందుకు నన్ను శిక్షించవలసి ఉంటే శిక్షించండి. పెట్టె కదిలిన తరువాత శిక్షించండి.

ఇంతకుమించి చెప్పుకొనుటకు నాకు చేతకాదు. ఈ బాధ చిత్తగించి నన్ను రిలీవు చేయవలెనని కాళ్లకు మొక్కి అడుగుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు, నేటికిని ఛార్జిలో ఉన్నవాడు,
పొట్నూరు సూరిబాబు

తా.క. బాబుగారికి గంగాభవాని నమస్కారాలు. పైదంతా మా ఆయన చెబుతుంటే నేను రాసిందే. పార్వతీపురంలో ఐదో క్లాసు దాకా చదువుకున్నాను. ఇది మటుకు నా సొంతంగా రాస్తున్నాను. ఆయన సంతకం పెట్టేసి డ్యూటీకి పోయారు.

ఆయన ఒక సంగతి రాయించలేదు. మొన్న ఫాల్గుణంలో నేను మళ్లీ నీళ్లోసుకున్నానని దాలమ్మ పిన్ని చెప్పిన వారమే, ఆయన ఆ పెట్టె పగులు మూసేశారు. కళాయి వేసే అతన్ని పిలుద్దామంటే, అతనికీ పెళ్లాం ఉంది అని పిలవనివ్వలేదు. అతని దగ్గర సామాను అడిగి తెచ్చుకుని, నన్ను వీధి చివరికి పంపేసి, మూడు మధ్యాహ్నాలు లోపల కూర్చున్నారు. కారిన మడ్డిని వేళ్లతోనే ఎత్తి లోపలికి తోశారట. మూడోనాడు బయటికొచ్చి, రేకుల సీసా అరుగు మీద తలుపు పక్కనే పెట్టి, చూడు ఎంతసేపు నిలబడ్డాయో అని నాకు చూపించి నవ్వారు. కడుపు పోయాక ఆయన నవ్వడం అదే.

ఇరవై రోజులకి కుడిచేతి బొటనవేలు, పక్క రెండు వేళ్లు ఎర్రబడ్డాయి. తర్వాత బొబ్బలెక్కి పగిలాయి. రెండు నెలలై మానడం లేదు. ఒక గోరు ఊడిపోయింది. అన్నం నేనే కలిపి పెడుతున్నాను. కాలేజీలో చెయ్యి జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. ఆస్పత్రికి రమ్మంటే రారు. చెయ్యి చూస్తే పెట్టె ముట్టుకున్నావంటారు, అయితే పగలగొట్టిందీ నువ్వే అంటారు, ఉద్యోగం పోతుంది అని ఆయన భయం. పైన సంతకం ఎడం చేత్తో పెట్టారు. పాత అర్జీల మీద సంతకంతో కలవలేదని దీన్ని వెనక్కి పంపొద్దు.

పురిటికి రమ్మని మా అమ్మ ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తోంది. ఆయన్ని ఇలా వదిలేసి నేను వెళ్లను.

పెట్టె సంగతి తమరు ఎప్పుడు చూసినా సరే, ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టినా సరే. ఇన్ని అర్జీలు పెట్టారు గానీ, డాక్టరు గారికి రాయిస్తూ కూడా తన చెయ్యి చూడమని ఒక్క ముక్క రాయించలేదు. ఆ ముక్క నేను రాస్తున్నాను. ఆయన చెయ్యి చూడండి బాబూ.