సబ్బునీళ్ళలో పెనం

నెల్డా,

ఇనప పెనం పొయ్యి పక్కన పెట్టాను. షెరీఫ్ వచ్చి చూసేదాకా ముట్టుకోకు. ఆయన వెళ్ళాక రాళ్ళుప్పు పోసి, స్టీలు పీచుతో తుప్పంతా రాలగొట్టు. కుడిచేత్తోనే తోము, కట్టు కట్టిన చెయ్యి కదపకు. మంట మీద తడి ఆర్చి, పందికొవ్వు పల్చగా రాసి, ఓవెన్లో గంటసేపు బోర్లించు.

మెట్ల మీంచి జారిపడ్డానన్నావు. నా కొడుకు రాయిసూ అదే పాట పాడాడు. నమ్మాను.

ఇవాళ పొద్దున చూస్తే మా అమ్మమ్మ పెనం సింకులో సబ్బునీళ్ళలో నానుతోంది. ఎనభై ఏళ్ళుగా మొక్కజొన్న రొట్టె కాల్చడం, గుడ్డతో తుడవడం, అంతే. దానికి సబ్బు తగలకూడదని నువ్వు ఈ ఇంటికొచ్చిన రోజే చెప్పాను. వాడికైతే ఊహ తెలిసినప్పట్నించీ తెలుసు. తెలిసీ నానబెట్టాడంటే వాడు వదిలించుకోవాలనుకున్నది జిడ్డు కాదు. పిడి మొదట్లో నీ వెంట్రుకలు ఇంకా అతుక్కునే ఉన్నాయమ్మాయ్.

వాడు ఏటి ఒడ్డున చేపల గుడిసెలో తాగి పడున్నాడు. అక్కడికే వెళ్ళి అదే పెనంతో వాడి దవడ పగలగొడదామనుకున్నాను. పెనానికి ఇంకా నెత్తురు పూయడం ఇష్టం లేక షెరీఫ్ దగ్గరికి వెళ్తున్నాను. తలుపు గడియ పెట్టుకో. మీ మావయ్య తుపాకీ తలుపు వెనకే ఉంది, తూటాలు వేసే ఉంచాను. వాడొస్తే నా కొడుకని చూడకు.

మీ అత్త

తా.క. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి వాడికి. ఈ ఇంట్లో వాడు కడిగిన గిన్నె అదొక్కటే.