అరిగిన వేలిముద్ర

చెల్లాయికి, నేను కులాసా. ఈ ముక్క అమ్మకి చదివి వినిపించు. చివరి నాలుగు మాటలు మాత్రం నీకే.

మా టీవీ కార్యక్రమం సంగతి తెలుసుగా, ఇంట్లో పని ఎవరు చేస్తున్నారో పోలీసుల పద్ధతిలో తేలుస్తాం. కుళాయిల మీదా గిన్నెల మీదా పొడి చల్లి వేలిముద్రలు తీయడం నా పని. మొన్న ఒక ఇంట్లో మొగుడివీ పిల్లలవీ దొరికాయి గానీ, ఇల్లాలివి ఒక్కటీ లేవు. "ఈవిడగారు ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టరన్నమాట!" అంది యాంకరు. అందరూ గొల్లుమన్నారు. ఆవిడ చేతులు వెనక్కి దాచుకుంది. నాకు అనుమానమొచ్చి, ఆవిడ వేలికి సిరా పూసి కాగితం మీద నొక్కించాను. నున్నటి మచ్చ పడింది. ఏళ్ల తరబడి అంట్లు తోమి తోమి గీతలే అరిగిపోయాయి.

డైరెక్టరుకి చెబితే "నవ్వులు బాగా పడ్డాయి, వదిలెయ్యవయ్యా" అన్నాడు. ఆవిడ ఏ పనీ చేయదన్న రిపోర్టు మీద సంతకం పెట్టనన్నాను. ఉద్యోగం ఊడినా కంగారు పడకండి, ఈ పని తెలిసినవాడు ఎక్కడైనా బతుకుతాడు.

నా పాత స్వెట్టరు పంపించు. వంటింటి కప్పు కారడం ఆగిందా? నాన్నకి నమస్కారాలు.

ఇక నీకు. నాకు రాసే కార్డు కింద అమ్మ సంతకం బదులు వేసే వేలిముద్ర అలికినట్టు పడుతోందని, సిరా ప్యాడు మార్చమని నిన్నెన్నిసార్లు తిట్టానో! ప్యాడు మార్చకు. దాని తప్పేం లేదు. నేనొచ్చేదాకా అంట్లు నువ్వు తోము, వచ్చాక నావి.

ఆశీస్సులతో,
అన్నయ్య