బండిలో వాసన

జూన్ 2006, ఆదివారం రాత్రి

మావయ్య వరండాలో పడుకున్నాడు. మొహం చూపించలేక ఇక్కడ లోపల గదిలో కూర్చున్నాను.

పొద్దున నా పాత ఎస్‌యూవీలో మా ఆఫీసు మేనేజరు గారికి పాలకాయతిప్ప బీచ్ చూపించి, వచ్చేటప్పుడు రేపటి కంటి పరీక్షకని అక్కడి ఊళ్లోనే ఉండే మావయ్యనీ ఎక్కించుకున్నాను. మాకోసం ఎండుచేపల సంచి తెచ్చాడు. అవనిగడ్డ దాటేసరికి బండి నిండా కుళ్లిన గుడ్ల కంపు. మేనేజరు గారు ముక్కుకి రుమాలు పెట్టుకున్నారు. నేను అద్దాలు దించి, మావయ్య సంచి వైపు చూశాను, అంతే. "మోపిదేవిలో దింపెయ్ బాబూ, బస్సులో వస్తాలే" అన్నాడు.

దింపేశాను! ఒక్కసారి వద్దని కూడా అనలేదు.

బందరు వచ్చినా కంపు పోలేదు. తెలిసిన మెకానిక్ బండి కిందకి దూరి చూసి, "ఆక్సిజన్ సెన్సార్ పోయిందండీ. ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగేసి, పొగ ఇలా కంపు కొడుతోంది. డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలగట్లేదా?" అన్నాడు. నెల నుంచీ వెలుగుతూనే ఉంది. బండి నడుస్తోంది కదా అని నేనే వదిలేశాను.

సాయంత్రం మావయ్య ఉత్త చేతులతో వచ్చాడు. సంచి బస్టాండులో ఎవరికో ఇచ్చేశాట్ట.

"వాసన పోయిందా బాబూ?" అని అడిగాడు.

పోయింది మావయ్యా, అన్నాను.